పోర్ట్రెయిట్ లెన్సు కొనేముందు గది కొలవండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను భీమవరంలో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. మీ పత్రికను చాలాకాలంగా చదువుతున్నా ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కొత్తగా కెమెరా కొన్న పిల్లలు, ముఖ్యంగా చదువుకుంటూ ఫొటోగ్రఫీ మీద ఇష్టం పెంచుకున్నవారు, మనుషుల ఫొటోలకు ఏ లెన్సు కొనాలో తెలియక నా దగ్గరికి వస్తుంటారు. వారిలో చాలామంది అప్పటికే కొనేసి వస్తారు. ఇంట్లోవాళ్లు కూడబెట్టి ఇచ్చిన డబ్బో, వాయిదాల మీద తెచ్చిన డబ్బో, వాళ్లు తీయబోయే చోట పనికిరాని లెన్సు మీద ఖర్చయిపోతోంది. దీని గురించి తెలుగులో వివరంగా చెప్పేవారు తక్కువ కనుక మీ ద్వారా నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి మాఘమాసంలో మా వీధి కుర్రాడొకడు తన అక్క సీమంతానికి ఫొటోలు తానే తీస్తానని ముచ్చటపడి 85 ఎంఎం లెన్సు కొన్నాడు. లెన్సు మీద ఉండే ఈ అంకె ఎంత పెద్దదైతే లెన్సు అంత తక్కువ మేర, అంత దగ్గరగా చూపిస్తుంది. పోర్ట్రెయిట్‌కు, అంటే మనుషుల ఫొటోకు, 85 ఎంఎం అనే దుకాణంలో చెప్పారట. ఆ మాట అబద్ధం కాదు. కానీ అతని చేతిలో ఉన్న కెమెరా ఏదో, తీయబోయేది ఎంత గదిలోనో అక్కడ ఎవరూ అడగలేదు. వాళ్ల ముందు గది పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉంటుంది. ఒక పక్క సోఫా, మరో పక్క పసుపు కుంకుమల పళ్లేలు, పండ్లు, చీరెలు, చుట్టూ పేరంటాళ్లు. అతను గోడకు వీపు ఆనించి నిలబడినా అక్క మొహం, మెడలోని పూలదండ తప్ప మరేమీ ఫ్రేములోకి రాలేదు. పెద్దమ్మ గాజులు తొడుగుతుంటే ఆ చేతులు రాలేదు. గుమ్మం దాటి వరండాలోకి వెళితే చేతులు వచ్చాయి గానీ మధ్యలో నిలబడ్డవారి భుజాలు అడ్డం వచ్చాయి. చివరికి ఆ గాజుల ఫొటో ఫోనుతోనే తీయాల్సి వచ్చింది. సాయంత్రం నా స్టూడియోకి వచ్చి లెన్సు బల్ల మీద పెట్టి, "ఇందులో ఏదైనా లోపం ఉందేమో చూడండి బాబాయ్" అన్నాడు. లెన్సు నిక్షేపంగా ఉంది.

ఈ సంగతి అర్థం కావాలంటే కెమెరాలో ఫిలిం బదులు బొమ్మను పట్టే సెన్సర్ కొలత తెలియాలి. 85 ఎంఎం లెన్సుకు పోర్ట్రెయిట్ లెన్సు అన్న పేరు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే పాత ఫిలిం ఫ్రేము మీద వచ్చింది. అంత సెన్సర్ ఉన్న కెమెరాలనే నేడు ఫుల్ ఫ్రేమ్ అంటున్నాం. మన పిల్లలు మొదట కొనే కెమెరాల్లో ఎక్కువ భాగం అంతకంటే చిన్నదైన క్రాప్ సెన్సర్‌వి. ఉదాహరణకు కెనాన్ 1500డిలో సెన్సర్ సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే. ఆ కెమెరాకు 85 ఎంఎం తగిలిస్తే ఫుల్ ఫ్రేమ్ మీద 136 ఎంఎం లెన్సు చూపించినంత మేరకే చూపిస్తుంది. అదే కెమెరాకు 50 ఎంఎం తగిలిస్తే 80 ఎంఎం చూపించినంత చూపిస్తుంది. అంటే పెద్దవాళ్లు 85 గురించి చెప్పిన మంచిమాటలన్నీ ఈ పిల్లల కెమెరా మీద 50కి వర్తిస్తాయి.

లెక్క అడుగుల్లో చెబితే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. క్రాప్ సెన్సర్ కెమెరాను నిలువుగా పట్టుకుని ఒక మనిషిని తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కాస్త ఖాళీతో తీయాలంటే 85 ఎంఎంతో సుమారు పాతికడుగుల వెనక్కి వెళ్లాలి. 50 ఎంఎంతో పదిహేనడుగులు, 35 ఎంఎంతో పదడుగులు సరిపోతాయి. నడుము దాకా తీయాలంటే 85తో పన్నెండడుగులకు పైగా, 50తో ఏడున్నర అడుగులు కావాలి. మొహం, భుజాలు మాత్రమే అయితే 85తో ఏడున్నర, 50తో నాలుగున్నర అడుగులు. మన ఇళ్లలో ముందు గది ఎంత ఉంటుందో, అందులో సామాన్లు పోగా నిలబడే చోటు ఎంత మిగులుతుందో పాఠకులే చూసుకోవచ్చు. అందుకే నన్ను అడిగినవారికి దుకాణానికి వెళ్లేముందు టేపు పట్టుకుని గది కొలవమని చెబుతున్నాను.

లెన్సు ఎంపికలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది మనిషికీ కెమెరాకూ మధ్య ఉండే దూరం. దీన్ని చాలామంది పట్టించుకోరు. మొహం ఆకారం ఫొటోలో ఎలా వస్తుందన్నది లెన్సు మీద రాసి ఉన్న అంకెను బట్టి కాదు, ఎంత దూరం నుంచి తీశామన్నదాన్ని బట్టి ఉంటుంది. ముక్కు కొసకూ చెవులకూ మధ్య సుమారు 12 సెంటీమీటర్ల లోతు ఉంటుందనుకుందాం. కెమెరాతో పాటు వచ్చే 18–55 జూమ్ లెన్సును, అంటే కిట్ లెన్సును, 18 దగ్గర పెట్టి మొహం, భుజాలు ఫ్రేము నిండేలా తీయాలంటే అడుగున్నర దూరానికి వెళ్లాలి. అంత దగ్గర నుంచి చూస్తే ముక్కు, చెవులతో పోలిస్తే ఉండాల్సినదానికంటే నాలుగో వంతు పెద్దగా వస్తుంది. బుగ్గలు పక్కలకు జారినట్టు, చెవులు వెనక్కి దాక్కున్నట్టు కనిపిస్తాయి. అదే లెన్సును 55 దగ్గర పెట్టి అయిదడుగుల దూరం నుంచి అంతే ఫ్రేము తీస్తే ఆ తేడా 8 శాతానికి తగ్గిపోతుంది. మనం రోజూ ఎదుటివాళ్లతో మాట్లాడేటప్పుడు నిలబడే దూరం కూడా ఇంచుమించు అంతే కనుక ఆ మొహం మనకు తెలిసిన మొహంలా ఉంటుంది. ఫోను చేయి చాపినంత దూరంలో పట్టుకుని తీసుకున్న ఫొటో చూసి తమ ముక్కు బాగాలేదని బాధపడే ఆడపిల్లలకు నేను ఈ లెక్క చెప్పి, అయిదడుగుల దూరం నుంచి ఒక ఫొటో తీసి చూపిస్తుంటాను.

నాకు పని నేర్పిన గురువుగారి దగ్గర యాషికా మ్యాట్ 124జి అనే రెండు కళ్ల కెమెరా, అంటే చూడటానికి ఒకటి, ఫొటో తీయడానికి ఒకటి లెన్సు ఉన్నది, ఉండేది. ఫొటో తీసే లెన్సు 80 ఎంఎం, బొమ్మ చదరపు ఫ్రేముగా ఫిలిం మీద పడేది, దాన్ని విప్పి మరొకటి పెట్టే వీలు లేదు. ఉన్న ఆ ఒక్క లెన్సుతోనే ఆయన చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో పెళ్లిళ్లు, షష్టిపూర్తులు, పిల్లల అక్షరాభ్యాసాలు తీశారు. ఆయన ఫొటోల్లో ఒక్క మొహం కూడా వంకరగా ఉండదు. అందుకు కారణం నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ కెమెరా సుమారు ఒక మీటరు కంటే దగ్గరగా ఫోకస్ అయ్యేది కాదు. ఇంకా దగ్గరికి వెళ్లాలని ఎవరికైనా అనిపించినా కెమెరా వెళ్లనిచ్చేది కాదు. అంత దూరం పాటించడం ఆ తరానికి అలా అలవాటైంది. ఇప్పటి కిట్ లెన్సు పావు మీటరు దాకా ఫోకస్ అవుతుంది కాబట్టి ఆ దూరం మనమే గుర్తుపెట్టుకుని పాటించాలి.

ఇక బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ సంగతి. కొత్తవాళ్లు లెన్సు కొనాలనుకోవడానికి నూటికి తొంభై పాళ్లు ఇదే కారణమని నా అనుభవం. లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని అపర్చర్ అంటారు, ఎఫ్ పక్కన రాసే దాని అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువగా తెరుచుకుంటుంది, వెనకాల అంత ఎక్కువగా మసకబారుతుంది, నిజమే. కానీ పెద్ద అపర్చర్ అసలు పుట్టింది వెలుతురు కోసం. 1839లో తొలి రోజుల ఫొటో పద్ధతి డాగ్యురోటైప్ లోకానికి తెలిసినప్పుడు వాడుకలో ఉన్న లెన్సులు వెలుతురును ఎంత కొద్దిగా లోపలికి వదిలేవంటే, మనుషులు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. మరుసటి ఏడాది, 1840లో, వియన్నాలో గణిత ఆచార్యుడు జోసెఫ్ పెట్జ్వాల్ లెక్కలు కట్టి మనుషుల ఫొటోల కోసమే ఒక లెన్సు రూపొందించాడు. ఫోయిక్ట్‌లాండర్ సంస్థ తయారుచేసిన ఆ లెన్సు అపర్చర్ ఇంచుమించు ఎఫ్ 3.6. దానితో నిమిషాల నిరీక్షణ సెకన్లలోకి దిగివచ్చింది. పోర్ట్రెయిట్ లెన్సు అన్న మాటకు మూలం అక్కడుంది. మనిషి ఊపిరి బిగపట్టి కూర్చోనవసరం లేకుండా చేయడమే దాని పని.

నేటికీ ఆ పని అంతే ముఖ్యం. కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు దానికంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి తెస్తుంది. సాయంత్రం ట్యూబులైటు కింద కిట్ లెన్సుతో ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే తీరును పెంచే అంకె, 3200 పెట్టాల్సిన చోట ఇక్కడ సుమారు 320తో పనైపోతుంది. ఐఎస్ఓ పెంచినప్పుడు చర్మం మీద గరుకు గరుకుగా వచ్చే గింజలు పోతాయి. ఫ్లాష్ వేయనవసరం లేదు కాబట్టి పసిపిల్లలు ఉలిక్కిపడరు, దీపం వెలుగు దీపం వెలుగులాగే ఉంటుంది. ఒక కొత్త లెన్సు కొనడానికి నా దృష్టిలో అన్నిటికంటే మంచి కారణం ఇదే.

అలాగని 1.8 అన్న అంకె మీదే ఎప్పుడూ తీయకూడదు. ఒక అమ్మాయి తన అమ్మమ్మ ఫొటో తెచ్చి చూపించింది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, చక్కటి వెలుతురులో, మీటరు దూరం నుంచి 50 ఎంఎంతో 1.8 మీద తీసింది. ఫొటోను పెద్దది చేసి చూస్తే ఆవిడ ముక్కుపుడకలోని తెల్లరాయి, దాని చుట్టూ ఉన్న బంగారు గింజలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కళ్లు మాత్రం పొగమంచులో ఉన్నట్టున్నాయి. ఆ దూరంలో ఆ అపర్చర్‌కు ఫోకస్‌లో ఉండే మందం మూడు సెంటీమీటర్ల కంటే తక్కువ. ముక్కుపుడక మీద ఫోకస్ పడితే కళ్లు ఆ మందం దాటి వెనక్కి పోతాయి. అయిదడుగుల దూరానికి జరిగి అపర్చర్ 4 చేస్తే ఆ మందం పదమూడు సెంటీమీటర్ల పైకి వస్తుంది, మొహమంతా అందులో ఇమిడిపోతుంది. ఆ అమ్మాయితో నేను మూడు మాటలు చెప్పాను. ఫోకస్ పాయింటును కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టాలి, ఒక్కరే ఉంటే 2.8, ఇద్దరుంటే 4 దాకా వెళ్లాలి, షట్టర్ స్పీడ్ సెకనులో 125వ వంతు కంటే నెమ్మది కానివ్వకూడదు. మరుసటి వారం మళ్లీ తీసుకువచ్చింది. ఈసారి అమ్మమ్మ కళ్లలో కిటికీ చువ్వల నీడ కూడా కనిపించింది. ఆ ఫొటోను నేనే ప్రింటు తీసి ఫ్రేము కట్టి ఇచ్చాను.

వెనకాల మసకబారడం కిట్ లెన్సుతో కూడా కొంతవరకు సాధ్యమే. మనిషిని గోడకు ఆనించి నిలబెట్టి బ్లర్ రాలేదని అనుకుంటే ఏ లెన్సూ ఏమీ చేయలేదు. జూమ్‌ను 55 దగ్గర పెట్టి, మనిషి మనకు అయిదడుగుల్లో, వెనకనున్న చెట్లో గోడో ఆ మనిషికి ఇరవై అడుగుల అవతల ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. ఫోనులోని పోర్ట్రెయిట్ మోడ్ కూడా ఇదే రూపం తెస్తుంది కానీ అది లెక్కగట్టి గీసిన మసక కనుక జడలోని మల్లెపూల అంచుల దగ్గర, బుట్టలకూ మెడకూ మధ్య ఖాళీలో, చెదిరిన వెంట్రుకల దగ్గర తరచుగా తప్పుతుంది.

కాబట్టి కొత్తగా వచ్చినవారికి నేను వెంటనే ఏదీ కొనమని చెప్పను. కెమెరాతో వచ్చిన 18–55 లెన్సు మీద జూమ్ రింగును 35 దగ్గర పెట్టి కదలకుండా చిన్న టేపు ముక్క అంటించి రెండు వారాలు తీయమంటాను. తర్వాత టేపు తీసి 50 దగ్గర అంటించి మరో రెండు వారాలు తీయమంటాను. కావలసినంత ఫ్రేము కోసం లెన్సు తిప్పకుండా కాళ్లతో ముందుకూ వెనక్కీ నడవాలి. నెల తిరిగేసరికి తన ఇంట్లో, తన వీధిలో, తాను తీసే మనుషులతో ఏ దూరం తనకు హాయిగా ఉందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మనుషులతో కలుపుగోలుగా దగ్గరగా ఉంటూ, వంట చేస్తున్న అమ్మనూ ఆమె చుట్టూ ఉన్న వంటగదినీ కలిపి తీసేవారికి 35 నచ్చుతుంది. మొహం మీదే మనసున్నవారికి 50. ఈ రెండింటిలో ఏది కొన్నా చిన్న గదుల్లో పనికొస్తుంది. ఒక్కటే చెప్పమంటే క్రాప్ సెన్సర్ కెమెరా ఉన్నవారికి 50 ఎంఎం ఎఫ్ 1.8 అంటాను. కెనాన్ 2015లో తెచ్చిన 50 ఎంఎం ఎస్టీఎం లెన్సు బరువు 160 గ్రాములే, అదే కంపెనీ 85 ఎంఎం ఎఫ్ 1.8 బరువు 425 గ్రాములు. మెడలో వేసుకుని పూటంతా తిరిగేవారికి ఆ తేడా తెలుస్తుంది. ధరలో తేడా కూడా ఎక్కువే.

85ను నేను తక్కువ చేయడం లేదు. కాలువ గట్ల మీద, కొబ్బరితోటల్లో, పెద్ద కల్యాణ మండపాల్లో తీసేవారికి, ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవారికి అది అపురూపమైన లెన్సు. నా దగ్గరా ఒకటుంది. కాకపోతే అది రెండో లెన్సుగా రావాలి.

కొనేటప్పుడు చూసుకోవలసిన మరో సంగతి లెన్సు మన కెమెరాకు పూర్తిగా సరిపోతుందా అన్నది. నేను కూడా ఒకసారి ఇందులో నష్టపోయాను. మా మేనకోడలి నికాన్ డి3500 కోసం సెకండ్ హ్యాండ్ 50 ఎంఎం ఎఫ్ 1.8డి లెన్సు కొన్నాను. అమ్మినవాడు నికానుకు నికాను సరిపోతుందన్నాడు, బిగించి చూస్తే బిగుసుకుంది, డబ్బిచ్చేశాను. ఇంటికి వచ్చాక ఆటో ఫోకస్ పనిచేయలేదు. ఆ పాత తరహా లెన్సులో మోటారు ఉండదు, కెమెరా బాడీలోని మోటారు దాన్ని తిప్పాలి. డి3000, డి5000 వరుసల కెమెరాల బాడీలో ఆ మోటారు లేదు. వాటికి లెన్సులోనే మోటారు ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న 50 ఎంఎం ఎఫ్ 1.8జి కావాలి. ఒక్క అక్షరం తేడాతో పసిపిల్లల ఫొటోలు చేత్తో ఫోకస్ తిప్పుకుంటూ తీయాల్సిన పరిస్థితి ఆ పిల్లకు వచ్చింది. అందుకే కొనేవారు తమ కెమెరాను వెంట తీసుకువెళ్లి, లెన్సు తగిలించి, దుకాణంలోనే పది ఫొటోలు తీసి, వాటిని పెద్దవి చేసి చూసుకుని తీరాలి. బిల్లు, కంపెనీ వారంటీ కార్డు లేకుండా కాస్త తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోకూడదు.

సెకండ్ హ్యాండ్ లెన్సు అయితే మన కోస్తా ప్రాంతంలో ఫంగస్ భయం ఎక్కువ. గాలిలో తేమ వల్ల లోపలి గాజు మీద సాలెగూడు దారాల్లా బూజు పాకుతుంది. మామూలు వెలుతురులో అది కనిపించదు. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చిలైటు వేసి ముందు నుంచి పక్కగా చూస్తే బయటపడుతుంది. కొన్న తర్వాత కూడా లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో మూసేయకుండా, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచి వాటిని అప్పుడప్పుడు మారుస్తుండాలి. వాడుతూ ఉండటం దానికి ఇంకా మంచిది.

దుకాణాల వారికి నా విన్నపం ఒకటుంది. లెన్సు అడగడానికి వచ్చిన పిల్లలను రెండే ప్రశ్నలు అడగండి. నీ కెమెరా ఏది, ఎక్కడ తీస్తావు? ఈ రెండు జవాబులు విన్నాక ఖరీదైన లెన్సు బదులు చవకది ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి. ఆ పిల్లలు సంపాదించడం మొదలుపెట్టాక మళ్లీ మీ దగ్గరికే వస్తారు. లెన్సులు అద్దెకిచ్చే వీలున్న ఊళ్లలో ఒక్కరోజుకు అద్దెకు తీసుకుని చూడమని చెప్పడం కూడా మంచిదే.

సంపాదకులకు నా మనవి మరొకటి. మీ ఆదివారం అనుబంధంలో వీలైనప్పుడు ఒక పేజీలో ఒకే మనిషి ఫొటోలు మూడు పక్కపక్కన వేయండి. ఒకే కిట్ లెన్సుతో 18 దగ్గర అడుగున్నర దూరం నుంచి, 35 దగ్గర మూడడుగుల నుంచి, 55 దగ్గర అయిదడుగుల నుంచి, మొహం మూడింటిలోనూ ఒకే సైజులో వచ్చేలా తీసినవి. ఈ ఉత్తరంలో నేను ఇంతసేపు రాసింది ఆ మూడు ఫొటోలు చూసినవారికి ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. మా అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి నేను అలా తీసినవి నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆమె అనుమతి కూడా తీసుకున్నాను. మీరు కబురు చేస్తే పెద్ద సైజులో పంపిస్తాను.

భవదీయుడు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
భీమవరం, పశ్చిమగోదావరి జిల్లా.